సూర్యుడి గాలి - చుక్కల నలుసులు

మీ అరచేతిని ఆకాశం వైపు చాపండి. మనసులో మెల్లగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. దాదాపు ఒక్కో అంకెకు ఒక్కో నలుసు మీ అరచేతిలోంచి దూసుకుపోయింది. చురుక్కుమనలేదు. దురద పుట్టలేదు. మీకు తెలియనే లేదు. చెయ్యి కింద చాప ఉంటే చాపలోంచి కూడా పోయింది. చాప కింద నేలలోకి కూడా దిగింది.

ఇంటి పైకప్పు అడ్డం రాదా? రాదు. పూరికప్పు అయినా, పెంకులు అయినా, స్లాబు అయినా దానికి ఒకటే. పగలూ రాత్రీ, ఎండాకాలం వానాకాలం, ఈ నలుసులు రాలుతూనే ఉంటాయి. మన తాతల నాడూ రాలాయి. మనిషి పుట్టకముందూ రాలాయి.

వీటి మూలం కాస్మిక్ కిరణాలు. కిరణాలు అని పేరు పెట్టారు గానీ ఇవి ఎండ లాంటి వెలుగు కాదు. మొదట్లో వెలుగే అనుకున్నారు. తర్వాత కాదని తేలింది. అప్పటికే పేరు పడిపోయింది. ఇవి ఇసుక రేణువు కంటే కోటానుకోట్ల రెట్లు చిన్న నలుసులు.

ఎక్కడివి ఇవి? సూర్యుడి కంటే ఎన్నో రెట్లు పెద్ద చుక్కలు ఉంటాయి. అవి చివరి రోజుల్లో పెద్ద పెట్టున పేలిపోతాయి. ఆ పేలుడు విసురుకు నలుసులు బయటికి ఎగురుతాయి. వాటి వేగం వెలుగు వేగానికి దగ్గరగా ఉంటుంది. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఈ నలుసులు లక్షల ఏళ్లు తిరిగి తిరిగి మన దాకా వస్తాయి.

వచ్చినవి వచ్చినట్టే నేల మీద పడవు. భూమికి 15, 20 కిలోమీటర్ల ఎత్తున గాలిని గుద్దుకుంటాయి. గుద్దుకుని పగులుతాయి. ఒకటి పదవుతుంది. పది వందవుతుంది. జల్లులా కిందికి రాలుతాయి. మీ అరచేతిలోంచి పోయింది ఆ జల్లులోని చినుకు. దాని పేరు ముయాన్.

ఎలా తెలిసింది?

1912లో ఆస్ట్రియా దేశంలో విక్టర్ హెస్ అనే ఆయన ఉండేవాడు. మట్టిలో, రాళ్లలో ఉండే కొన్ని పదార్థాల నుంచి కంటికి కనపడని కిరణాలు వస్తాయని అప్పటికే తెలుసు. నేల నుంచి పైకి పోయే కొద్దీ అవి తగ్గాలి కదా! హెస్ పెద్ద బెలూను ఎక్కాడు. బుట్టలో కూర్చుని కొలిచే సాధనాలు పెట్టుకున్నాడు. ఆగస్టు 7న 5 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు వెళ్లాడు. అంత ఎత్తున ఊపిరి ఆడటం కష్టం. అయినా లెక్క రాసుకున్నాడు.

లెక్క తిరగబడింది. పైకి పోయే కొద్దీ తగ్గలేదు, పెరిగింది. అంటే ఈ కిరణాలు నేలలోంచి రావటం లేదు. పైనుంచి వస్తున్నాయి.

మరి సూర్యుడి నుంచేమో? ఆ అనుమానమూ తీర్చుకున్నాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో సూర్యగ్రహణం పట్టింది. అప్పుడూ బెలూను ఎక్కి కొలిచాడు. సూర్యుడికి చంద్రుడు అడ్డం వచ్చినా కిరణాలు తగ్గలేదు. కాబట్టి ఇవి సూర్యుడి నుంచి వచ్చేవి కావు. 1936లో హెస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

మన దేశంలోనూ ఈ పని చేసినవారు ఉన్నారు. వాళ్లలో ఒక ఆడపిల్లను గుర్తు పెట్టుకోవాలి. ఆమె పేరు బిభా చౌధురి. 1913లో పుట్టింది. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1936లో ఎమ్మెస్సీ పాసయింది. ఆ ఏడాది ఆ తరగతిలో ఆడది ఆమె ఒక్కతే. ఆచార్య డి.ఎం. బోస్ దగ్గర పనికి చేరింది. ఇద్దరూ కలిసి ఫోటో తీసే పలకలను దార్జిలింగు కొండల్లో పెట్టారు. కొన్ని నెలలు అలాగే వదిలేశారు. ఆకాశం నుంచి వచ్చిన నలుసులు పలకల మీద సన్నని గీతలు గీశాయి. ఆ గీతలు చూసి, నలుసు ఎంత బరువుదో లెక్క కట్టారు.

ఇంకా మంచి పలకలు కావాల్సి వచ్చింది. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. పలకలు దొరకలేదు. పని ఆగిపోయింది. యుద్ధం అయ్యాక ఇంగ్లండులో సెసిల్ పావెల్ అనే ఆయన మంచి పలకలతో అదే పద్ధతిలో పని చేశాడు. 1950లో ఆయనకు నోబెల్ వచ్చింది. బిభా చౌధురి పేరు మాత్రం చాలా ఏళ్లు ఎవరూ తలచుకోలేదు. ఆమె 1991లో చనిపోయింది. 2019లో ఒక చుక్కకు బిభా అని పేరు పెట్టారు. ఆలస్యమే గానీ, పెట్టారు.

హైదరాబాదులో టాటా సంస్థ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి పెద్ద పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు పంపుతారు. కాస్మిక్ కిరణాలను కొలవటానికి కూడా పంపారు. పని అయ్యాక సాధనాలు గొడుగు కట్టుకుని కిందికి దిగుతాయి. ఒక్కోసారి పొలాల్లో పడతాయి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో ఒక ఊరి పొలంలో గుండ్రటి పెద్ద డబ్బా దిగింది. అది వేరే పరీక్ష కోసం ఆ కేంద్రం నుంచి వదిలిందే. చూడటానికి ఊరంతా పరుగెత్తింది. మీ ఊళ్లో ఇలాంటిది పడితే విప్పకండి, వైర్లు లాగకండి. దాని మీద కాగితం అంటించి ఉంటే చదవండి. పోలీసులకు కబురు చెప్పండి.

సూర్యుడికీ గాలి ఉంది

కాస్మిక్ కిరణాలు సూర్యుడి నుంచి రావు అన్నాం. కానీ అవి మన దగ్గరికి ఎన్ని రావాలో నిర్ణయించేది చాలావరకు సూర్యుడే. అది ఎలాగో చూద్దాం.

తోకచుక్కను మీలో కొందరు చూసే ఉంటారు. దాని తోక ఎటు ఉంటుంది? అది వచ్చిన దారి వెనక ఉంటుంది అనుకుంటాం. కాదు. ఎటు పోతున్నా సరే, తోక సూర్యుడికి ఎదురు దిక్కునే ఉంటుంది. పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదితే పొగ అటువైపు పోతుంది కదా! అలాగే సూర్యుడి వైపు నుంచి ఏదో ఊదుతోంది.

1958లో అమెరికాలో యూజీన్ పార్కర్ అనే యువకుడు దీన్ని లెక్క కట్టి చెప్పాడు. సూర్యుడి ఒళ్లంతా కుతకుత ఉడుకుతోంది. ఆ వేడికి సూర్యుడి పైపొర నిలవలేక నాలుగు దిక్కులా ఎగిరిపోతోంది. ఆగకుండా పోతోంది. దీనికి ఆయన సౌరపవనం అని పేరు పెట్టాడు. అంటే సూర్యుడి గాలి.

పెద్దలు ఒప్పుకోలేదు. ఆయన రాసింది చదివిన ఇద్దరు పండితులూ ఇది తప్పు, అచ్చు వేయవద్దు అన్నారు. ఆ పత్రికకు సంపాదకుడు అవిభక్త భారతదేశంలో పుట్టిన సుబ్రహ్మణ్య చంద్రశేఖర్. ఆయనకూ పార్కర్ మాట నచ్చలేదు. కానీ లెక్కలో ఎక్కడా తప్పు దొరకలేదు. తప్పు దొరకనప్పుడు ఆపటం న్యాయం కాదని అచ్చు వేశాడు. నాలుగేళ్లు తిరక్కముందే, 1962లో, అమెరికా పంపిన మారినర్ 2 అనే నౌక ఆ గాలిని స్వయంగా కొలిచింది. నచ్చని మాటను కూడా అచ్చు వేసిన ఆ సంపాదకుడి పెద్దమనసును మెచ్చుకోవాలి.

సూర్యుడి గాలి మన గాలి లాంటిది కాదు. దాన్ని పీల్చలేం. చాలా పలచన. కానీ వేగం ఎక్కువ. సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు పోతుంది. ఒక్కోసారి 800 కూడా పోతుంది. సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఆ గాలి మన దాకా రావటానికి నాలుగు రోజులు పడుతుంది.

ఆ గాలిలో ఇంకొకటి కలిసి వస్తుంది. అదే అసలు సంగతి. సూర్యుడు పెద్ద సూదంటురాయి లాంటివాడు. సూదంటురాయి అంటే ఇనుమును లాగే రాయి. బడి పుస్తకాల్లో అయస్కాంతం అంటారు. సూర్యుడి గాలి పోతూ పోతూ ఆ అయస్కాంత బలాన్ని కూడా మోసుకుపోతుంది.

తలస్నానం చేసిన పిల్ల జుట్టు విరబోసుకుని గిర్రున తిరిగితే నీటి చుక్కలు ఎలా పడతాయి? ఒక్కో చుక్క తిన్నగానే ఎగిరిపోతుంది. కానీ పై నుంచి చూస్తే చుక్కల బారు వంపు తిరిగి కనిపిస్తుంది. సూర్యుడూ తన చుట్టూ తాను తిరుగుతాడు. మనం చూస్తే ఒక చుట్టుకు 27 రోజులు పడుతుంది. అందుకని ఆ అయస్కాంత బలం కూడా సూర్యుడి చుట్టూ వంపులు వంపులుగా పరుచుకుంటుంది. తిరునాళ్లలో అమ్మే తిరుగుడు మిఠాయి లాగా అనుకోండి.

తూర్పారబట్టే గాలి

ఇప్పుడు కళ్లంలోకి రండి. ధాన్యం తూర్పారబట్టటం మీకు కొత్త కాదు. చేటతో పై నుంచి వదులుతారు. గాలికి తాలు, పొట్టు ఎగిరిపోతాయి. గట్టి గింజ తిన్నగా కుప్ప మీద పడుతుంది. గాలి బాగా వీస్తే తాలుతో పాటు అరగింజలు కూడా కొట్టుకుపోతాయి. గాలి పడిపోతే తాలు కూడా కుప్పలోనే పడుతుంది.

సూర్యుడి గాలి చేసే పని ఇదే. చుక్కల నుంచి వచ్చే నలుసుల్లో బలమైనవి ఉన్నాయి, బలహీనమైనవి ఉన్నాయి. బలహీనమైన వాటిని సూర్యుడి గాలి బయటికి తోసేస్తుంది. బలమైనవి దూసుకుని లోపలికి వస్తాయి.

ఒక తేడా మాత్రం ఉంది. కళ్లంలో తాలును తోసేది గాలి ఒక్కటే. ఇక్కడ గాలి ఒక్కటే అయితే ఏమీ చేయలేదు. అంత పలచన గాలి అంత వేగపు నలుసును ఎలా ఆపుతుంది? ఆపేది ఆ గాలిలో ఉన్న అయస్కాంత బలం. ఈ నలుసులకు కరెంటు గుణం ఉంది. కరెంటు గుణం ఉన్న నలుసు అయస్కాంతం దగ్గరికి వస్తే దారి వంగిపోతుంది. సూర్యుడి అయస్కాంత బలం నున్నగా ఉండదు. ముడులు, చిక్కులు, మెలికలు ఉంటాయి. నలుసు ఒక ముడి దగ్గర అటు తిరుగుతుంది. ఇంకో ముడి దగ్గర ఇటు తిరుగుతుంది. జాతరలో గుడి వైపు పోదామని బయలుదేరితే జనం తోపులాటకు మళ్లీ మొదటికే వచ్చినట్టు, కొన్ని నలుసులు వచ్చిన దారినే బయటికి పోతాయి.

సూర్యుడి గాలి ఎంత దూరం పోతుందో తెలుసా? భూమి దాటి, శనిగ్రహం దాటి, ఇంకా ఇంకా పోతుంది. చివరికి చుక్కల మధ్య ఉన్న పలచని వాయువు దానికి ఎదురు నిలుస్తుంది. అక్కడ ఆగిపోతుంది. సూర్యుడి గాలి నిండిన ఈ చోటంతా ఒక పెద్ద బుడగ. దీన్ని హీలియోస్ఫియర్ అంటారు. హీలియోస్ అంటే గ్రీకు భాషలో సూర్యుడు. ఈ బుడగ మన వైపు వచ్చే కాస్మిక్ కిరణాల్లో నూటికి దాదాపు 70 వంతులను అడ్డుకుంటోందని లెక్క కట్టారు.

పదకొండేళ్ల పోటు

సముద్రానికి పోటూ ఆటూ ఉన్నట్టు సూర్యుడికీ ఉన్నాయి. కాకపోతే పూటకో పోటు కాదు. సుమారు 11 ఏళ్లకు ఒకసారి.

సూర్యుడి మీద నల్లని మచ్చలు వస్తాయి. అవి నిజంగా నల్లనివి కావు. చుట్టుపక్కల కంటే వేడి తక్కువ, అందుకని నల్లగా కనపడతాయి. కొన్ని మచ్చల్లో మన భూమి మొత్తం పట్టేస్తుంది. మచ్చ ఉన్న చోట అయస్కాంత బలం చాలా ఎక్కువ. జర్మనీలో మందుల దుకాణం నడిపిన హైన్‌రిష్ ష్వాబె అనే ఆయన 17 ఏళ్లు మచ్చలు లెక్కపెట్టాడు. మబ్బు లేని రోజల్లా లెక్క రాశాడు. మచ్చలు కొన్నేళ్లు పెరుగుతాయి, కొన్నేళ్లు తగ్గుతాయి అని 1843లో చెప్పాడు.

ఒక జాగ్రత్త. మచ్చలు చూద్దామని సూర్యుడి వైపు వట్టి కళ్లతో చూడకండి. పిల్లలను చూడనివ్వకండి. చూపు పోతుంది. పోయిన చూపు తిరిగి రాదు.

మచ్చలు ఎక్కువైన ఏళ్లలో సూర్యుడి మీద తుఫాన్లు ఎక్కువ. అయస్కాంత బలం ఎక్కువ. చిక్కులు, ముడులు ఎక్కువ. అంటే కళ్లంలో గాలి జోరుగా ఉన్నట్టు. అప్పుడు మన దాకా వచ్చే కాస్మిక్ కిరణాలు తగ్గుతాయి. మచ్చలు లేని ఏళ్లలో గాలి పడిపోయినట్టు. అప్పుడు కాస్మిక్ కిరణాలు పెరుగుతాయి. సూర్యుడు ఉరిమితే ఇవి తగ్గుతాయి, సూర్యుడు నిద్రపోతే ఇవి పెరుగుతాయి. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు.

2009లో సూర్యుడు బాగా చల్లబడినట్టు ఉన్నాడు. రోజులకు రోజులు ఒక్క మచ్చ కూడా లేదు. ఆ ఏడాది భూమి చుట్టూ తిరిగిన కాస్మిక్ కిరణాలు, అంతరిక్షంలో కొలవటం మొదలుపెట్టాక అంతవరకు ఎప్పుడూ లేనంత ఎక్కువయ్యాయి. తర్వాత సూర్యుడు మళ్లీ లేచాడు, మళ్లీ పడుకున్నాడు. ఇప్పటి పోటు 2019 డిసెంబరులో మొదలైంది. పోటు బలంగా ఉన్న దశకు సూర్యుడు చేరాడని 2024 అక్టోబరులో ప్రకటించారు.

సూర్యుడి మీద మచ్చలు పెరగ్గానే ఆ రోజే కాస్మిక్ కిరణాలు తగ్గవు. కొన్ని నెలలు ఆలస్యం అవుతుంది. ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఎందుకని? బుడగ చాలా పెద్దది. సూర్యుడి గాలి బుడగ అంచు దాకా చేరటానికి ఏడాదికి పైనే పడుతుంది. చెరువు తూము ఎత్తగానే కాలవ చివరి మడికి నీళ్లు అందుతాయా? అందవు గదా.

అన్ని చోట్లా ఈ ఎక్కువ తక్కువలు ఒకేలా ఉండవు. మన భూమికీ అయస్కాంత బలం ఉంది. అది భూమి నడుము దగ్గర, అంటే మన దేశం ఉన్న వైపు, బాగా అడ్డం వస్తుంది. బలహీనమైన నలుసులు మన వైపు దిగలేవు. ధ్రువాల దగ్గర దిగుతాయి. అందుకే సూర్యుడి పోటు తేడా అక్కడ ఎక్కువగా తెలుస్తుంది. మన దగ్గర తక్కువగా తెలుస్తుంది.

ఒక్క రోజులో పడిపోయేది

11 ఏళ్ల లెక్క మెల్లగా నడిచేది. ఇంకొకటి ఉంది. అది గంటల్లో జరుగుతుంది.

ఒక్కోసారి సూర్యుడి నుంచి పెద్ద ముద్ద ఊడి ఎగిరి వస్తుంది. అందులో కోట్ల టన్నుల వాయువు, దానితో పాటు అయస్కాంత బలం ఉంటాయి. అది భూమి మీదుగా పోయేటప్పుడు కాస్మిక్ కిరణాలకు గోడ కట్టినట్టు అవుతుంది. కొన్ని గంటల్లో నలుసుల లెక్క పడిపోతుంది. మళ్లీ మామూలు స్థితికి రావటానికి కొన్ని రోజులు పడుతుంది. అమెరికాకు చెందిన స్కాట్ ఫోర్‌బుష్ 1937లో దీన్ని కనిపెట్టాడు. వేరే వేరే దేశాల్లో పెట్టిన సాధనాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాడు. అన్ని చోట్లా ఒకే రోజు పడిపోయింది. అంటే ఏ ఒక్క ఊరి వాతావరణమో కారణం కాదు. అందుకే దీన్ని ఫోర్‌బుష్ తగ్గుదల అంటారు. 11 ఏళ్ల తేడాను కూడా 1954లో ఆయనే చూపించాడు. ఇవన్నీ గొప్ప దుర్భిణీలతో కనిపెట్టినవి కావు. ఏళ్ల తరబడి రోజూ రాసిన అంకెల్లోంచి తీసినవి.

మన పక్కనే తమిళనాడులో ఊటీ ఉంది కదా. అక్కడ కొండ మీద గ్రేప్స్-3 అనే పరిశోధనశాల ఉంది. మన దేశం వాళ్లూ జపాను వాళ్లూ కలిసి నడుపుతున్నారు. ఆరేసి మీటర్ల పొడవు ఇనుప గొట్టాలు 3,712 వరసలుగా పేర్చారు. గొట్టంలోంచి ముయాన్ పోతే లెక్క పడుతుంది. రోజుకు 400 కోట్ల ముయాన్లను లెక్కపెడతాయి.

2015 జూన్ 22న ఒక వింత జరిగింది. సూర్యుడి నుంచి వచ్చిన ముద్ద భూమిని గట్టిగా తాకింది. అప్పుడు ముయాన్లు తగ్గాలి. కానీ ఊటీలో దాదాపు రెండు గంటల సేపు పెరిగాయి! సూర్యుడి ముద్ద వచ్చి తగలటంతో భూమి అయస్కాంత బలం కాసేపు సడలిందని, ఆ సందులోంచి మామూలుగా దిగలేని నలుసులు దిగాయని అక్కడి వాళ్లు లెక్క కట్టి చెప్పారు. కంచె కాస్త వంగితే మేక లోపలికి దూరినట్టు. మామూలుగా తగ్గాలి అన్న చోట కూడా ఒక్కోసారి ఇలాంటి చిక్కులు ఉంటాయి.

సూర్యుడు అడ్డుకోవటమే కాదు, అప్పుడప్పుడు తనే నలుసులు విసురుతాడు. అవి చుక్కల నలుసులంత బలమైనవి కావు. నేల మీద కొలవగలిగినంత జోరుగా వచ్చింది 1942 నుంచి డెబ్బై పైచిలుకు సార్లే. అవీ ఎక్కువగా ధ్రువాల వైపే. చంద్రుడి మీదికి, అంగారకుడి మీదికి మనుషులను పంపాలనుకునే వాళ్లకు మాత్రం ఇది పెద్ద తంటా. సూర్యుడు జోరుగా ఉన్నప్పుడు పంపితే చుక్కల నలుసులు తక్కువ, తుఫాన్ల భయం ఎక్కువ. సూర్యుడు నిద్రపోయేటప్పుడు పంపితే తుఫాన్లు తక్కువ, చుక్కల నలుసులు ఎక్కువ.

ఫోన్లో వచ్చిన కబురు

ఒక కబురు ఎన్నో ఏళ్లుగా ఫోన్లలో తిరుగుతోంది. ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా పోతాయట. ఫోను ఆపేయాలట. పక్కన పెట్టుకుని పడుకుంటే ప్రాణానికి ముప్పట. అందరికీ పంపమని చివర్లో ఉంటుంది.

ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకోండి. పురిటికి వచ్చిన కూతురు నిండు నెలలతో ఉంది. రాత్రి తొమ్మిదయింది. అత్త కోడలిని పిలిచింది.

"ఏమ్మా, ఫోను ఆపేసి బీరువాలో పెట్టు. ఏవో కిరణాలు వస్తాయంట. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉంది."

కోడలు ఫోను తీసి కబురు మళ్లీ చదివింది. వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది.

"అత్తయ్యా, ఇందులో ఈ రాత్రి అని ఉంది. ఏ రాత్రో లేదు. తారీఖు లేదు."

"ఈ రాత్రే అనుకో."

"పోయినేడు కూడా ఇదే వచ్చింది అత్తయ్యా. అప్పుడూ ఈ రాత్రి అనే ఉంది. చెప్పిందెవరో పేరు కూడా లేదు."

"ఎందుకొచ్చిన గొడవ? ఒక్క రాత్రే గదా, ఆపేస్తే పోలా?"

"ఆపేస్తే, అర్ధరాత్రి వదినకు నొప్పులొస్తే 108కి ఎట్లా చేస్తాం?"

అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చార్జింగు ఉందా చూడు" అంది.

ఆ కబురులో ఎంత నిజముందో, ఇప్పటిదాకా చదివిన దానితో మీరే చెప్పగలరు. కాస్మిక్ కిరణాలు ఒక రాత్రి వచ్చి పోయేవి కావు. ఎప్పుడూ ఉన్నాయి. అన్ని దిక్కుల నుంచీ వస్తాయి కాబట్టి రాత్రికీ పగటికీ నేల మీద నూటికి ఒక వంతు కూడా తేడా ఉండదు. ఫోను వాటిని లాగదు. ఫోను ఆపినా అవి ఆగవు.

సూర్యుడి తుఫాన్లకు నిజంగా దెబ్బ తినేవి వేరే ఉన్నాయి. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 60 లక్షల మందికి 9 గంటలు కరెంటు పోయింది. సూర్యుడి తుఫాను భూమి అయస్కాంత బలాన్ని కుదిపింది. దాంతో పెద్ద కరెంటు లైన్లు తట్టుకోలేకపోయాయి. ఉపగ్రహాలూ పాడవుతాయి. టీవీ, వాన కబురు, చేపలవేటకు దారి చూపే యంత్రం, ఇవన్నీ ఉపగ్రహాల మీదే కదా నడిచేది. 2024 మే నెలలో ఇరవై ఏళ్లలో ఎన్నడూ లేనంత పెద్ద తుఫాను వచ్చింది. లడఖ్‌లోని హన్లేలో రాత్రి ఆకాశం ఎర్రబారింది.

అందుకే సూర్యుడిని కనిపెట్టి ఉండటానికి మన దేశం ఆదిత్య ఎల్-1 ను పంపింది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఎగిరింది. 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో తన చోటుకు చేరింది. ఆ పనికి డైరెక్టరుగా ఉన్నది నిగర్ షాజీ అనే ఆమె. సూర్యుడి గాలి వేగాన్ని, దానిలోని అయస్కాంత బలాన్ని కొలిచే సాధనాలు అందులో ఉన్నాయి. గాలి మన కంటే ముందు దాన్ని తాకుతుంది. మనకు కబురు కాస్త ముందుగా అందుతుంది.

చెట్లలో దాగిన లెక్క

సాధనాలు లేని రోజుల్లో సూర్యుడు ఎలా ఉన్నాడు? చెట్లు చెబుతాయి.

కాస్మిక్ కిరణాలు గాలిని గుద్దినప్పుడు ఒక రకం బొగ్గు నలుసు పుడుతుంది. దాని పేరు కార్బన్-14. చెట్లు గాలిని పీల్చుకున్నప్పుడు అది చెట్టు కాండంలో చేరుతుంది. చలి దేశాల్లో చెట్టుకు ఏడాదికి ఒక వలయం పడుతుంది. ఏ ఏటి వలయంలో కార్బన్-14 ఎక్కువ ఉంటే, ఆ రోజుల్లో కాస్మిక్ కిరణాలు ఎక్కువ.

1645 నుంచి 1715 దాకా సూర్యుడి మీద మచ్చలు దాదాపు లేవు. ఆనాటి చెట్ల వలయాల్లో కార్బన్-14 ఎక్కువగా ఉంది. తూర్పారబట్టే గాలి పడిపోయింది గదా మరి. జపానులో ఫుసా మియాకే అనే ఆమె 2012లో ఇంకో సంగతి కనిపెట్టింది. ముసలి దేవదారు చెట్ల వలయాల్లో 774, 775 సంవత్సరాల దగ్గర కార్బన్-14 ఉన్నట్టుండి పెరిగింది. సూర్యుడే ఏదో మహా తుఫానులో నలుసులు విసిరి ఉంటాడని చాలామంది అంటున్నారు. అలాంటిది 993లో కూడా ఒకటి వచ్చింది. ఆ గుర్తు పట్టుకునే, కెనడా తీరంలో దొరికిన ఒక కొయ్యను 1021లో నరికారని 2021లో తేల్చారు. నరికింది ఐరోపా నుంచి పడవల్లో వచ్చిన వాళ్లు.

బుడగ దాటిన బళ్లు

బుడగ నిజంగా ఉందా? అంచు ఎక్కడుంది? పోయి చూసిన మనుషులు లేరు. రెండు నౌకలు పోయాయి. వాటి పేరు వాయేజర్ 1, వాయేజర్ 2. రెండూ 1977లో అమెరికా నుంచి బయలుదేరాయి. మనుషులు లేని నౌకలు.

35 ఏళ్లు పోయాక, 2012 ఆగస్టు 25న వాయేజర్ 1 లెక్కలు మారిపోయాయి. సూర్యుడి నుంచి వచ్చే నలుసులు ఉన్నట్టుండి తగ్గిపోయాయి. చుక్కల నలుసులు ఒక్కసారిగా పెరిగి అక్కడే నిలిచాయి. ఇంట్లోంచి వాకిట్లోకి అడుగు పెడితే గాలి కొట్టినట్టు. అప్పటికి అది సూర్యుడికి దాదాపు 1,800 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. వాయేజర్ 2 కూడా 2018 నవంబరు 5న ఇంకో వైపు నుంచి అంచు దాటింది. అక్కడా అంతే జరిగింది.

వాయేజర్ 1 నుంచి ఒక కబురు మనకు చేరటానికి, వెలుగు వేగంతో వచ్చినా, దాదాపు ఒక రోజు పడుతుంది. దానిలో కరెంటు తగ్గిపోతోంది. అందుకని ఒక్కో సాధనాన్నీ ఆపుకుంటూ వస్తున్నారు. కాస్మిక్ కిరణాలను లెక్కపెట్టే సాధనాన్ని 2025 ఫిబ్రవరి 25న ఆపేశారు. 47 ఏళ్లు లెక్కపెట్టింది అది. బండి మాత్రం ఆగలేదు. సెకనుకు 17 కిలోమీటర్ల చొప్పున పోతూనే ఉంది.